83 మిల్లీమీటర్ల సినిమా

16 ఎం.ఎం., 35 ఎం.ఎం., 70 ఎం.ఎం. అంటూ సినిమాను మిల్లీమీటర్లలో చెప్పుకోవడం మనకు అలవాటే. అవి ఫిల్ము వెడల్పులు. మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులే నడుపుకున్న సినిమా పండుగ పోస్టరు మీద మాత్రం సినిమాను పొడుగులో కొలిచారు, నిమిషానికి ఒక మిల్లీమీటరు చొప్పున. అబ్బాస్ కియరోస్తమీ తీసిన 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్' 83 నిమిషాలు కాబట్టి దానికి 83 మిల్లీమీటర్ల పసుపు పట్టీ. డిసీకా 'బైసికిల్ థీవ్స్'కు 89. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'కి 125. ఏ3 కాగితం మీద పట్టీలన్నీ ఎడమవైపు ఒకే గీత దగ్గర, అంటే సాయంత్రం 6:30 దగ్గర మొదలవుతాయి. కుడివైపు ఎక్కడిదక్కడ ఆగుతుంది. ఆగినచోట చిన్న అంకెల్లో ముగింపు సమయం: 7:53, 7:59, 8:35. ఇంకాస్త కుడికి, మొదటి గీతకు సరిగ్గా 150 మిల్లీమీటర్ల దూరంలో, పై నుంచి కింది దాకా ఒక చుక్కల గీత. దాని పక్కన నిలువుగా రెండే మాటలు: మెస్సు మూత.

హాస్టల్లో ఉండేవాడికి ఆ కాగితం మీద ఇంతకన్నా ముఖ్యమైన సమాచారం లేదు. రాత్రి తొమ్మిదికి మెస్సు మూస్తారు. సినిమా ఎంత గొప్పదైనా, అయ్యేసరికి అన్నం దొరకదేమో అన్న అనుమానం వస్తే మనిషి లేవడు. మామూలుగా పోస్టర్ల మీద మొదలయ్యే సమయం ఒక్కటే వేస్తారు. ఎప్పుడు అయిపోతుందన్నది చూసేవాడి బాధ. ఇక్కడ ఆ బాధను కాగితమే నెత్తిన వేసుకుంది. పట్టీల కొసలన్నీ చుక్కల గీతకు ఇవతలే ఉన్నాయని ఒక్క చూపులో తెలిసిపోతుంది. 'పథేర్ పాంచాలి' రోజున కూడా గీతకు ఇంకా 25 మిల్లీమీటర్ల చోటు మిగిలింది. ఆడిటోరియం నుంచి మెస్సుకు నడవడానికి అది చాలు.

ప్రచార బృందంలో నాది మోత పని. కాగితాలు ఆరబెట్టడం, బకెట్టు పట్టుకు తిరగడం, అక్షర దోషాలు చూడటం. ఆ పనుల నడుమ నిలబడి చూసిన పనితనం గురించే ఇదంతా. పోస్టర్లు వేసింది ప్రింట్‌మేకింగ్ చదివే ఒకన్న. కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు. ఇంటర్ సెలవుల్లో దుకాణాల బోర్డులు రాసే ఆయన దగ్గర కుంచె పట్టినవాడు. సినిమాల పరిచయ వాక్యాలు రాసింది మా విభాగంలో పరిశోధన చేస్తున్న ఒకక్క. పేర్లు వద్దన్నారు ఇద్దరూ.

పట్టీల ఆలోచన అన్నదే. "సినిమా ఎప్పుడైపోతదో చెప్పకపోతే ఎవడొస్తడు?" అని మొదటి సమావేశంలోనే అన్నాడు. దానివల్ల ప్రచారం వెళ్ళి కార్యక్రమం మెడ మీద కూర్చుంది. 6:30 అని వేశాక 6:30కే తెర వెలగాలి. జ్యోతి ప్రజ్వలన, సన్మానం, అధ్యక్షుల వారి నాలుగు మాటలు పెట్టుకుంటే పట్టీ అబద్ధమైపోతుంది. అందుకని మాటలన్నీ సినిమా అయ్యాకే అని తేల్చారు. ఉండదలచినవాళ్ళు ఉంటారు, ఆకలేసినవాళ్ళు వెళ్తారు. ముఖ్య అతిథి ఫొటో సినిమా పేరు కన్నా పెద్దగా ఉండే పోస్టర్లు చూసీ చూసీ ఉన్న నాకు, ఒక పోస్టరు ముఖ్య అతిథిని సినిమా వెనక్కి నెట్టడం ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేను.

ఇక రంగులు. చేతిలో ఉన్న డబ్బుకు రెండు సిరాలే వచ్చాయి: పసుపు, నీలం. కాగితం తెల్లగానే ఉంది. అయినా పోస్టరు మీద మూడు రంగులు కనిపిస్తాయి. ముందు పసుపు పట్టీలు అచ్చు వేసి, ఆరాక వాటి మీదుగా పారదర్శకంగా ఉండేలా కలిపిన నీలంతో అక్షరాలు వేశాడు. పసుపు మీద పడిన నీలం ముదురాకుపచ్చ అయింది. తెల్ల కాగితం మీద పడింది నీలంగానే ఉండిపోయింది. సినిమా పేర్లన్నీ పట్టీల మీదే ఉంటాయి కాబట్టి అవన్నీ ఆకుపచ్చ. చోటు, తేదీ, దర్శకుడి పేరు, ముగింపు సమయం పట్టీల బయట ఉంటాయి కాబట్టి అవన్నీ నీలం. ఆకుపచ్చగా ఉన్నది చూడాల్సింది, నీలంగా ఉన్నది తెలుసుకోవాల్సింది అని ఎవరూ చెప్పక్కర్లేకుండానే కళ్ళు విడదీసుకుంటాయి. రంగును అందానికి వాడటం చాలామందికి వచ్చు. లేని రంగును పుట్టించి దానికి ఒక ఉద్యోగం కూడా ఇవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

ఇదంతా స్క్రీన్ ప్రింటింగ్. మన ఊళ్ళలో పెళ్ళి శుభలేఖలు వేసే పద్ధతే. చెక్క చట్రానికి పాలిస్టర్ జాలీ బిగించి, దాని మీద వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పలచగా పూసి, మసక గదిలో ఆరబెడతారు. పారదర్శకమైన షీటు మీద నల్లగా దించుకున్న బొమ్మను దానికి ఆనించి లైటు వేస్తారు. వెలుతురు తగిలిన మేర గట్టిపడుతుంది. నలుపు అడ్డుకున్న మేర మెత్తగానే ఉండి నీళ్ళు కొడితే కొట్టుకుపోతుంది. ఆ ఖాళీ కన్నాల గుండానే సిరా దిగుతుంది. రంగుకో చట్రం. రెండో రంగు మొదటిదాని మీద వెంట్రుకవాసి జరిగినా పట్టీ అంచుకు ఆనుకున్న ఆకుపచ్చ అక్షరాలకు నీలం తోక కనిపిస్తుంది. అందుకని బల్లకు అట్టముక్కలు అతికించి, కాగితం మూల ప్రతిసారీ వాటికే తగిలేలా గూడు కట్టుకున్నాడు.

అన్న చేతిలో నేను ప్రత్యేకంగా చూసింది స్క్వీజీ కదలిక. రబ్బరు అంచున్న ఆ చెక్కను గట్టిగా నొక్కి లాగితే సిరా కాగితం మీదకు దిగుతుంది. అది అందరూ చేసేదే. లాగాక చట్రాన్ని కొద్దిగా ఎత్తి, నొక్కకుండా, స్క్వీజీని తేలిగ్గా వెనక్కి తోసి జాలీ అంతటా సిరా పొర పరిచి ఉంచేవాడు. నీళ్ళలో కలిసే సిరా తొందరగా ఆరుతుంది. జాలీని ఒట్టిగా వదిలేస్తే సన్నని కన్నాలు పూడుకుపోయి, తర్వాతి కాగితంలో సున్నాలు అరసున్నాలవుతాయి. కాగితం మార్చే ఆ కాసేపట్లో జాలీ తడిగా ఉండటానికే ఈ వెనక్కి తోసే పని. బల్ల చుట్టూ తీగలు కట్టి, వాటికి క్లిప్పులు పెట్టి, వందకు పైగా కాగితాలు ఆరేశాం. నూరో కాగితం మీద కూడా 7:53లో రెండు చుక్కలు విడివిడిగానే ఉన్నాయి.

అక్షరాల సంగతి ఇంకా ఉంది. ఇంగ్లిషులో పెద్ద బడి, చిన్న బడి ఉన్నాయి కాబట్టి ఒక మాటను పైకి లేపాలంటే దారి సులువు. తెలుగుకు ఆ వసతి లేదు. పైగా గుళ్ళు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఒక వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకోకుండా ఉండాలంటే వరుసల మధ్య చోటు బాగా వదలాలి. చోటు వదిలితే కాగితం చాలదు. కంప్యూటర్లో ఇంగ్లిషుకు కుదిరిన ఎడాన్నే తెలుగుకూ ఉంచేసి, క్రావడి తెగిపోయిన పోస్టర్లు మనం రోజూ చూస్తూనే ఉంటాం. అన్న చేసిన పని ఏమిటంటే, వరుసలను ముందు పెన్సిలుతో రాసుకుని, ఏ ఒత్తు కింద ఏ గుడి వస్తున్నదో చూసి, మాటలను అటూ ఇటూ జరిపాడు. కొన్నిచోట్ల అక్కను బతిమాలి మాటే మార్పించాడు. ఒత్తు కింద తలకట్టు మాత్రమే ఉన్న అక్షరం వచ్చేలా చూసుకుంటే వరుసలు దగ్గరికి జరుగుతాయి, అయినా ఒకదానికొకటి తగలవు. చదివేవాడికి ఇదేమీ తెలియదు. ఇబ్బంది లేకుండా చదువుకుపోతాడు, అంతే.

పట్టీల పోస్టరు కాక ఒక్కో సినిమాకు విడిగా ఒక్కో పోస్టరు వేశాడు. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది 'దాసి'ది. బి. నర్సింగరావు 1988లో తీసిన ఆ సినిమా నిజాం కాలపు తెలంగాణలో, ఒక దొర గడిలో జరుగుతుంది. ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు నటనకు అర్చనకు, ఛాయాగ్రహణానికి ఎ.కె. బిర్‌కు, కళా దర్శకత్వానికి తోట వైకుంఠానికి జాతీయ బహుమతులు తెచ్చింది. కళా దర్శకుడు వైకుంఠం అనగానే ఎవరికైనా ఆశ పుడుతుంది, ఆయన గీసే నుదుటి బొట్టు, ముక్కుపుడక స్త్రీని అచ్చుగుద్దినట్టు దించేద్దామని. అన్న ఆ జోలికే పోలేదు. ఆ కాగితం మీద మనిషి బొమ్మే లేదు. రెండక్షరాలున్నాయి, అంతే. 'దా' మీది దీర్ఘం మామూలుగా ఆగాల్సినచోట ఆగకుండా కుడివైపు సాగిపోయి, 'సి' గుడి నెత్తి మీదుగా కాగితం అంచు దాకా దూలంలా పరుచుకుంది. దాని కింద 'సి' కాస్త కుదించుకుపోయి, గుడి వంచుకుని ఉంది. గడి చూడనివాడికి కూడా పైన ఏదో బరువుందని తెలుస్తుంది. దీర్ఘాన్ని ఒక్క కుంచె గుంజుతో రాశాడు, దిద్దలేదు. కుంచె ఆరిపోతున్నచోట చారలు కనిపిస్తాయి. ఆ చారలను కూడా జాలీలోకి దించాడు.

తెలుగు సినిమా పోస్టరుకు గొప్ప వంశమే ఉంది. 1967లో బాపు 'సాక్షి'తో పబ్లిసిటీ డిజైనరుగా మొదలైన ఈశ్వర్ వేల పోస్టర్లు చేసి, 'సినిమా పోస్టర్' అనే పుస్తకం కూడా రాశారు. బాపు గీసిన అక్షరాన్ని సంతకం లేకుండానే గుర్తుపడతాం. కలకత్తాలో 1947లో ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన సత్యజిత్ రాయ్ అప్పటికి ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేస్తున్నవాడు. తర్వాత తన సినిమాల పోస్టర్లు తనే గీసుకున్నాడు. అయితే బజారు పోస్టరుకు హీరో మొహం ఉంటుంది, సగం పని అదే చేసిపెడుతుంది. మా సినిమాల్లో జనం గుర్తుపట్టే మొహం ఒక్కటి లేదు. అందుకే మొహాలు లేకుండా బతకగల పోస్టరు కావలసివచ్చింది.

'బైసికిల్ థీవ్స్' పోస్టరు అనగానే సైకిల్ బొమ్మ వేస్తారు. ఇక్కడ సైకిల్ లేదు. ఒట్టి గోడ, నిచ్చెన, సగం అతికించిన కాగితం. ఆ సినిమా చూసినవాళ్ళకు తెలుసు, కథానాయకుడికి దొరికిన ఉద్యోగం గోడలకు పోస్టర్లు అంటించడం. తోటి పనివాడు అతనికి ముడతల్లేకుండా కాగితం ఎలా పరచాలో నేర్పుతాడు. 'గిల్డా' సినిమా పోస్టరు, రీటా హేవర్త్ బొమ్మ, అంటిస్తుండగానే సైకిల్ పోతుంది. అన్న తన పోస్టరు కుడి మూలను, కాగితం ఊడి ముందుకు మడిచినట్టు గీశాడు. మడత నీడ నీలం, మడత వెనకభాగం పసుపు. గోడకు అంటించాక ఎంతమంది ఆ మూలను వేలితో నొక్కి చూశారో! ఊడలేదని తెలిసి, వెధవ్వేషం అనుకుని నవ్వి, ఆ నవ్వుతోనే పక్కనున్న మూడు వాక్యాలు చదివేవాళ్ళు. చదివించడానికి నిలబెట్టాలి, నిలబెట్టడానికి ఆ మడత.

ఆ మూడు వాక్యాలు అక్కవి. ప్రతి సినిమాకూ మూడు చిన్న వాక్యాలు, అంతకు మించకూడదని తనే గిరి గీసుకుంది. అద్భుతం, కళాఖండం, తప్పక చూడాల్సినది, ప్రపంచ ప్రఖ్యాత: ఇవేవీ రానివ్వలేదు. బహుమతులుంటే అట్టడుగున, సన్నగా. కియరోస్తమీ సినిమాకు రాసింది ఇది: "పక్కవాడి నోటుబుక్కు పొరపాటున తన సంచిలో వచ్చేసింది. రేపు అది లేకుండా బడికి వెళితే వాణ్ణి వెళ్ళగొడతానని పంతులు అన్నాడు. వాడి ఇల్లు పక్క ఊళ్ళో, ఎక్కడో తెలియదు." ఈ పోస్టరు రూళ్ళ కాగితంలా ఉంటుంది, వాక్యాలు రూళ్ళ మధ్య. మృణాళ్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' ఆధారంగా తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'కు: "ఒళ్ళు వంచితే లాభం ఎవరికో ఆ తండ్రీకొడుకులకు తెలుసు. అందుకే పని మానేశారు. ఇప్పుడు ఇంటికి కోడలొచ్చింది." మూడో వాక్యం దగ్గర నా గుండె జారింది. కథ చెప్పలేదు, కథలో జరగబోయేదానికి తలుపు మాత్రం ఓరగా తెరిచింది.

అన్నిటికన్నా కష్టపెట్టింది 'పథేర్ పాంచాలి'. అందరూ గొప్పదని ఒప్పేసుకున్నారు కాబట్టి ఎవరూ చూడని సినిమా అది. గొప్పదని చెబితే ఇంకా పారిపోతారు. చివరికి ఇలా వచ్చింది: "రాత్రిపూట దూరంగా రైలు కూత వినిపిస్తుంది. అక్కా తమ్ముడూ ఇంతవరకూ రైలును చూడలేదు." రెండు వాక్యాలతోనే ఆపేసింది. మూడోది ఏదని అడిగితే, అక్కర్లేదంది.

అక్క పరీక్ష పద్ధతి కూడా చెప్పుకోవాలి. రాసినదాన్ని టీ బండి దగ్గర ఎవరికో ఒకరికి, సినిమా పేరు చెప్పకుండా, ఊరికే జరిగిన సంగతిలా చెప్పేది. విన్నవాళ్ళు "బాగుందక్కా" అంటే ఆ కాగితం చించేసేది. "తర్వాతేమైంది?" అంటే ఉంచేది. మెచ్చుకోలును ఇంత నిర్దయగా పారేసే రచయితలు ఎంతమంది ఉంటారు?

అంటించే చోట్లు వెతకడంలో కూడా ఇద్దరిదీ ఒకటే లెక్క. మనుషులు వెళ్ళేచోటు కాదు, నిలబడేచోటు కావాలి. గేటు దగ్గర అందరూ బండి మీద దూసుకుపోతారు. జెరాక్సు దుకాణం ముందు, మంచినీళ్ళ కూలరు పక్కన, బస్సు కోసం ఆగేచోట, మెస్సులో ప్లేటు పట్టుకుని వరుసలో కదిలేచోట మనిషికి కళ్ళు ఖాళీగా ఉంటాయి. అన్నిటినీ మించినది చేతులు కడుక్కునే కుళాయిల పైగోడ. అక్కడ చేతులు తడిగా ఉంటాయి కాబట్టి ఫోను కూడా తియ్యలేరు. నీళ్ళ తుంపర పడకుండా ఎంత ఎత్తున ఉండాలో, నిలబడ్డవాడి చూపుకు ఎంత దిగువన ఉండాలో మూరలతో కొలిచి మరీ అంటించారు. జిగురు మైదా పిండితో వండిన లై, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. ముందు గోడకు పూసి, కాగితం నడుమ నుంచి అంచులకు బ్రష్షుతో తోసుకుంటూ పోతే గాలి బుడగ నిలవదు. అనుమతి ఉన్న బోర్డులూ గోడలే తప్ప చెట్ల జోలికి, వేరే సంఘాల పోస్టర్ల మీదికి వెళ్ళలేదు. పండుగ అయ్యాక తడిబట్ట వేసి నానబెట్టి గీకేసింది కూడా మేమే. మైదా లై కాబట్టి సున్నం ఊడకుండా వచ్చేసింది.

ఫోన్లలో తిరిగిన రూపం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఏ3 కాగితాన్ని అలాగే కుదించి పంపితే మిల్లీమీటర్ల లెక్క పోతుంది కాబట్టి, రోజుకొక సినిమా, మూడు వాక్యాలు, మొదలు, ముగింపు, చోటు మాత్రమే ఉంచి నిలువుగా వేరే గీశారు. ప్రదర్శనకు ముందు ఒక్కసారే పంపేవాళ్ళు. నేడే చూడండి అంటూ రిక్షా మైకులో వినిపించే గొంతును అనుకరించి మెస్సులో ఒక జూనియర్ చేసిన ప్రకటనకు మాత్రం చప్పట్లు పడ్డాయి. అందులోనూ చివరి మాట మెస్సు మూత గురించే.

నాకు నచ్చనిది ఒకటుంది, దాచను. ఇంగ్లిషు వరుసలు. తెలుగును చేత్తో రాసిన మనిషి ఇంగ్లిషును ఏదో సిద్ధంగా ఉన్న ఫాంటులో పెట్టేశాడు. తెలుగు గుండ్రాల పక్కన అవి బిగుసుకుపోయి, పెళ్ళికి ఆఫీసు బట్టల్లో వచ్చినవాళ్ళలా నిలబడ్డాయి. మా దగ్గర తెలుగు రానివాళ్ళు తక్కువేం కాదు. కేరళ, బెంగాల్, మణిపూర్ నుంచి వచ్చినవాళ్ళు ఆ వరుసలే చదవాలి. వాళ్ళకు కూడా ఆ చేతి ముద్ర అందాల్సింది. అడిగితే, తనకు ఇంగ్లిషు అక్షరాల మీద చెయ్యి ఇంకా తిరగలేదన్నాడు. నిజమే చెప్పాడు, కానీ పోస్టరు మీద లోటు లోటే.

తలుపు దగ్గర కూర్చుని లోపలికి వచ్చేవాళ్ళను ఒక్క ప్రశ్న అడిగే పని నాకు పడింది: ఎక్కడ చూసి వచ్చారు? జవాబుకో గీత, అయిదు గీతలకో అడ్డగీత. మొదటి సాయంత్రానికే ఒక గడి నిండిపోయి పక్క పేజీలోకి పాకింది, చేతులు కడుక్కునే గోడది. టీ బండి, జెరాక్సు దుకాణం దాని వెనక. స్నేహితులు లాక్కొచ్చారని చెప్పినవాళ్ళు కూడా బాగానే ఉన్నారు, ఆ స్నేహితులు ఎక్కడ చూశారో అడగలేకపోయాను. గేటు దగ్గర కట్టిన పెద్ద ఫ్లెక్సీ గడిలో గీతలు పండుగ ముగిసేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మా ఖర్చులో పెద్ద ముక్క దానికే పోయింది. పైవాళ్ళు పట్టుబట్టి కట్టించారు దాన్ని. ఆ డబ్బుతో మూడో రంగుకు చట్రం, సిరా, ఇంకో బల్ల కూడా వచ్చేవని అన్న లెక్క రాసి పెట్టుకున్నాడు. వచ్చే ఏడు బడ్జెట్ సమావేశానికి నా గీతల కాగితాన్ని దానికి జతచేస్తానంటున్నాడు.